రక్తపు మరకల కళ్ళజోడు

పాఠ్యభాగ నేపథ్యం

మొదటి ప్రపంచయుద్ధం 1914లో ప్రారంభమై 1918లో ముగిసింది. ఆ యుద్ధంలో బ్రిటిష్ సామ్రాజ్యం పక్షాన సుమారు 13 లక్షలమంది భారతీయులు పాల్గొన్నారు. వారిలో డెబ్బైవేలకు పైగా అసువులు బాసారు. వీరిలో అత్యధికులు భారత సైన్యానికి చెందినవారు. కాని విద్యార్థిగా ఇంగ్లండు చేరి, అక్కడే ఉద్యోగం సంపాదించి, తాను నివసిస్తున్న నగరపు యువకులతో కలసి ఆంగ్లేయ పటాలంలో సామాన్య సైనికుడుగా చేరిన వంగదేశీయుడు ఒకడున్నాడు. ఆయన పేరు జోగేంద్రనాథ్ సేన్. ఆయన జీవితాన్ని, సైనికసేవను, మరణాన్ని పరిచయం చేసేదే ఈ పాఠ్యభాగం.

పాఠ్యభాగం

కోల్‌కతా మహానగరానికి ఉత్తరదిశగా హుగ్లీనది ఒడ్డున చందన్‌నగర్ అనే పట్టణం ఉంది. చుట్టూ ఉన్న వంగదేశమంతా ఆంగ్లేయుల ఏలుబడిలో ఉన్న కాలంలో కూడ ఈ చిన్న పట్టణం ఫ్రెంచివారి అధీనంలోనే ఉండేది. మన గోదావరీతీరంలోని యానాం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. యానాంవలెనే ఇదికూడ పుదుచ్చేరిలోని ఫ్రెంచి పాలకుల పర్యవేక్షణలో ఉండేది. స్వాతంత్ర్యానంతరం ప్రజాభిప్రాయాన్ని అనుసరించి భారతదేశంలో చేరి, 1954లో పశ్చిమ బెంగాల్ రాష్ట్రంలో విలీనమయింది.

ఆ పట్టణంలో డూప్లే పేరు మీదుగా వ్యవహరింపబడే పాతకాలపు భవనం ఒకటి ఉంది. అందులో ఒక ప్రదర్శనశాలను నెలకొల్పారు. ఫ్రెంచివారి కాలంనాటి వస్తువులనేకం అక్కడ కనిపిస్తాయి. వాటి నడుమ ఒక గాజుపెట్టెలో చిన్న కళ్ళజోడు ఒకటి ఉంది. దానిమీద రక్తపు మరకలున్నాయి. 2005లో శాంతను దాస్ అనే సాహిత్య పరిశోధకుడు ఆ ప్రదర్శనశాలను సందర్శించినప్పుడు ఆ కళ్ళజోడు ఆయన కంటబడింది. అది 1916లో ఫ్రాన్సు దేశపు యుద్ధరంగంలో మరణించిన జోగేంద్రనాథ్ సేన్‌ది. ఆ యుద్ధంలో ప్రాణాలర్పించిన మొదటి బెంగాలీ ఆయనే అయి ఉంటాడని చరిత్రకారులు భావిస్తున్నారు.

సైనికుని స్మారకచిహ్నంగా మనకు సాధారణంగా ఖడ్గమో, తుపాకియో, పతకమో కనబడుతుంది. ఇక్కడ మిగిలింది కళ్ళజోడు. గ్రంథాలు చదువుకొన్న మనిషి, యంత్రాల చిత్రపటాలు పరిశీలించిన మనిషి ధరించిన వస్తువది. యోధుడు కావాలని పుట్టినవాడు కాదు ఈ సైనికుడు అని ఆ వస్తువు చూడగానే తెలుస్తుంది. మరి ఆయన యుద్ధభూమికి ఎట్లా చేరాడు? ఎవరికోసం పోరాడాడు? ఆయన ఎవరి పక్షాన నిలిచాడో వారు ఆయనను ఏ విధంగా ఆదరించారు? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకాలంటే ఆనాటి చందన్‌నగర్‌ను ఒకసారి స్మరించాలి.

సేన్ జన్మించిన తరం వంగదేశ చరిత్రలో కల్లోలభరితమైన తరం. 1905లో కర్జన్ ప్రభువు బెంగాల్‌ను విభజించాడు. దానికి నిరసనగా స్వదేశీ మహోద్యమం చెలరేగింది. ఆంగ్లేయ రక్షకభటుల అధికారం చెల్లని ఫ్రెంచి పట్టణం కావడంవల్ల చందన్‌నగర్ విప్లవకారులకు ఆశ్రయస్థానమయింది. 1908లో ఉరికంబమెక్కిన కనాయిలాల్ దత్తు ఆ పట్టణంలో పుట్టినవాడే. ఆయన, సేన్ ఇంచుమించు సమవయస్కులు. సైన్యంలో తిరుగుబాటు లేవదీయడానికి 1915లో ప్రయత్నించిన రాస్‌బిహారీ బోసు బాల్యం గడచింది కూడ అక్కడే. 1910లో అరవింద ఘోష్ కలకత్తా విడిచి చందన్‌నగర్‌లో కొంతకాలం అజ్ఞాతవాసం చేసి, అక్కడినుండి పుదుచ్చేరి చేరుకొన్నాడు.

అరవిందుడు పుదుచ్చేరికి తరలివెళ్ళిన ఆ 1910వ సంవత్సరంలోనే జోగేంద్రనాథ్ సేన్ ఇంగ్లండుకు పయనమయినాడు. ఆయన వెళ్ళింది విప్లవానికి కాదు, విద్యకు. ఉత్తర ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతానికి లీడ్స్ ప్రధాన పారిశ్రామిక నగరం. ఉన్నివస్త్రాల తయారీకి, యంత్ర నిర్మాణానికి అది పేరుపొందింది. అక్కడి విశ్వవిద్యాలయంలో సేన్ విద్యుత్ ఇంజనీరింగు అభ్యసించి 1913లో పట్టభద్రుడయినాడు. విద్యుద్దీపం ఇంకా కొత్త వింతగా తోచే కాలమది. ఆ విద్య నేర్చినవారికి గిరాకీ ఉండేది. సేన్ స్వదేశానికి తిరిగి రాక, లీడ్స్ నగరపాలక సంస్థవారి విద్యుద్దీప విభాగంలో సహాయ ఇంజనీరుగా ఉద్యోగంలో చేరాడు. తాను చదువుకొన్న నగరానికి వెలుగునిచ్చే పనిలో ఆయన పాలు పంచుకొన్నాడు. తెలిసినవారంతా ఆయనను 'జాన్ సేన్' అని పిలిచేవారు. పరాయి ఊరు మెల్లమెల్లగా తన ఊరయింది.

1914 ఆగస్టులో యుద్ధం ముంచుకు వచ్చింది. బ్రిటన్‌కు అప్పటికి నిర్బంధ సైనికసేవ లేదు. వృత్తి సైనికులతో కూడిన చిన్న సైన్యం మాత్రమే ఉండేది. యుద్ధమంత్రి కిచెనర్ స్వచ్ఛంద సైనికులకోసం పిలుపునిచ్చాడు. ఒకే ఊరివారు, ఒకే కార్యాలయంలో పనిచేసేవారు, ఒకే ఆటస్థలంలో ఆడుకొన్నవారు కలసి చేరితే కలసే పనిచేయవచ్చునని ప్రభుత్వం ఆశ చూపింది. ఈ విధంగా ఏర్పడిన దళాలకు 'పాల్స్ బెటాలియన్లు', అనగా మిత్రుల పటాలాలు అని పేరు వచ్చింది. లీడ్స్ నగరంలో అలంకరించిన ట్రాము బండిని వీథులలో నడిపి యువకులను ఉత్సాహపరిచారు. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వ్యాపారుల కుమారులు, క్రీడాకారులు బారులు తీరి చేరారు. ఈ దళమే వెస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటులో 15వ పటాలమయింది. 1914 సెప్టెంబరులో అందులో చేరిన తొలి స్వచ్ఛంద సైనికులలో సేన్ ఒకడు. ఆ పటాలంలో శ్వేతజాతీయుడు కానివాడు, ఇప్పటివరకు తెలిసినంతలో, ఆయన ఒక్కడే.

సేన్‌వంటి విద్యావంతుడు అధికారి కాదగినవాడే. విశ్వవిద్యాలయ పట్టభద్రులైన ఆంగ్లేయ యువకులకు ఆ రోజుల్లో లెఫ్టినెంటు పదవి సులభంగా లభించేది. కాని ఐరోపా సంతతికి చెందినవారే సైన్యాధికారులు కావాలనేది ఆనాటి సైనిక నిబంధన. అందువల్ల ఇంజనీరు సేన్ ప్రైవేటుగా, అనగా అట్టడుగు మెట్టుమీది సిపాయిగా చేరవలసి వచ్చింది. ఆయనతోపాటు ఒకే పాకలో నివసించిన సైనికుడొకడు చాలాకాలం జీవించి, వృద్ధాప్యంలో తన జ్ఞాపకాలు చెప్పాడు. తమ పటాలంలో సేన్‌ను మించిన విద్యావంతుడు లేడని, ఆయనకు ఏడు భాషలు వచ్చునని, అయినా ఆయనను కనీసం లాన్స్ కార్పొరల్‌ను కూడ చేయలేదని ఆ వృద్ధుడు గుర్తు చేసుకొన్నాడు. తెల్లవానిపై నల్లవాడు అధికారం చెలాయించడాన్ని ఆ రోజుల్లో ఏ పరిస్థితిలోను అంగీకరించేవారు కాదని కారణం కూడ ఆయనే చెప్పాడు. లాన్స్ కార్పొరల్ అంటే సిపాయికి పైన ఉండే మొదటి మెట్టు మాత్రమే. ఆ ఒక్క మెట్టు కూడ సేన్‌కు అందలేదు.

ఇక్కడ మరొక విషయం గమనించదగినది. భారతదేశంలోనే చేరదలచి ఉంటే సేన్‌కు సిపాయి కొలువు కూడ దొరికేది కాదు. కొన్ని జాతులవారే యుద్ధానికి పనికివస్తారని ఆంగ్లేయులు ఒక సిద్ధాంతం కల్పించుకొన్నారు. సిక్కులు, గూర్ఖాలు, పఠానులు మొదలైనవారు వీరజాతులట. బెంగాలీలు కలం పట్టడానికి తప్ప కత్తి పట్టడానికి తగరట. 1916లోగాని బెంగాలీల దళం ఏర్పాటుకు ప్రభుత్వం సమ్మతించలేదు. అది తరువాత 49వ బెంగాలీ పటాలమయింది. ప్రసిద్ధకవి కాజీ నజ్రుల్ ఇస్లాం 1917లో చేరింది అందులోనే. స్వదేశంలో మూసి ఉన్న తలుపు సేన్‌కు పరదేశంలో సగం తెరుచుకొంది. లోపలికి రానిచ్చారు; మెట్టు మాత్రం ఎక్కనీయలేదు.

అటువంటప్పుడు ఆయన ఎందుకు చేరినట్లు? ఈనాటి దృష్టితో ఆలోచించి ఆయనను సామ్రాజ్య సేవకుడని తీసిపారవేయడం సులభం. కాని ఆనాటి పరిస్థితులు వేరు. 1914 ఆగస్టులో లండనులో అడుగుపెట్టిన గాంధీజీ సైతం అక్కడి భారతీయ విద్యార్థులను సమీకరించి, క్షతగాత్రులకు సేవచేసే దళాన్ని ఏర్పాటు చేయడానికి పూనుకొన్నాడు. కష్టకాలంలో తోడ్పడితే యుద్ధానంతరం స్వపరిపాలన లభిస్తుందని జాతీయ నాయకులలో అనేకులు ఆశించారు. అంతేకాక సేన్ అప్పటికి నాలుగేళ్ళుగా లీడ్స్ నివాసి. ఆయనతో చదివినవారు, ఆయనతో పనిచేసినవారు చేరుతున్నారు. తమ ఊరివారంతా వరుసలో నిలిచినప్పుడు తానొక్కడే పక్కకు తప్పుకోవడానికి మనస్సు అంగీకరించని సందర్భాలు మానవ జీవితంలో ఉంటాయి.

కొత్త పటాలానికి యార్క్‌షైర్ కొండలలోని కోల్‌స్టర్‌డేల్ అనే చోట శిక్షణ ప్రారంభమయింది. 1915 డిసెంబరులో ఆ పటాలాన్ని ఈజిప్టుకు పంపారు. తురుష్కుల దాడినుండి సూయెజ్ కాలువను కాపాడడం వారి విధి. భారతదేశంనుండి ఇంగ్లండుకు పోయే ఓడలకు ఆ కాలువే రాచబాట. ఆ కాలువ గట్టున సిపాయిగా కావలి కాసిన ఆ కొద్ది నెలల తరువాత సేన్ స్వదేశానికి అంత చేరువగా మళ్ళీ రాలేదు.

1916 మార్చిలో ఆ పటాలం మధ్యధరా సముద్రం దాటి ఫ్రాన్సు చేరింది. అంతకుముందు, 1914 శరత్కాలంలో, వేలాది భారతీయ సిపాయిలు అదే దేశంలో దిగి ఈప్రె, న్యూవ్ షాపెల్ మొదలైన రణరంగాలలో పోరాడారు. కాని 1915 చివరికే భారత పదాతి దళాలను అక్కడినుండి మెసొపొటేమియాకు తరలించారు. ఆశ్వికదళాలు మాత్రమే మిగిలాయి. మన దేశపు సిపాయిలు అధికసంఖ్యలో వెడలిపోయిన తరువాత సేన్ అక్కడికి చేరాడు. చుట్టూ ఉన్న మిత్రులంతా లీడ్స్‌వారే.

ఉత్తర ఫ్రాన్సులోని సొమ్ నదీ ప్రాంతంలో, సెర్ అనే గ్రామానికి ఎదురుగా ఆ పటాలం కందకాలలో నిలిచింది. ఆనాటి కందకయుద్ధాన్ని కొంచెం వివరించడం అవసరం. ఇరుపక్షాలవారు నిలువెత్తు కందకాలు తవ్వుకొని వాటిలో నెలల తరబడి నివసించేవారు. రెండింటి నడుమ ఉన్న నేల ఎవరి అధీనంలోను ఉండేది కాదు. శత్రువు చొరబడకుండ తమ కందకాల ముందు ముళ్ళతీగెలు కట్టుకొనేవారు. ఫిరంగి గుండ్లకు అవి తెగిపోతే తిరిగి కట్టాలి. పగటివేళ తల ఎత్తితే ప్రాణం దక్కదు కనుక ఆ పని రాత్రి చీకటిలోనే జరగాలి. చప్పుడు కాకుండ గుంజలు పాతి, తీగె విప్పి బిగించాలి. శత్రువు పసిగట్టాడంటే తుపాకులు, ఫిరంగులు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. దాగుకొనడానికి చోటుండదు.

1916 మే 22వ తేదీ రాత్రి సేన్ అటువంటి పనిలోనే ఉన్నాడు. శత్రువుల ఫిరంగులు మ్రోగాయి. గుండు తునకలు తగిలి మొదట ఆయన కాలికి, ఆ పిమ్మట మెడకు గాయాలయ్యాయి. ఆయన ప్రాణాలు విడిచాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఎనిమిది సంవత్సరాలు. ఒక నగరానికి విద్యుత్తు తీగెల ద్వారా వెలుగు పంపిన ఇంజనీరు చివరి రాత్రి చీకటిలో ముళ్ళతీగె కడుతూ మరణించాడు.

ఆయన భౌతికకాయాన్ని కొలాంకాంప్ గ్రామ సమీపంలోని 'సుక్రెరీ' సైనిక శ్మశానవాటికలో ఖననం చేశారు. సుక్రెరీ అనే ఫ్రెంచి మాటకు చక్కెర కర్మాగారమని అర్థం. దగ్గరలో ఉన్న కర్మాగారాన్నిబట్టి ఆ పేరు వచ్చింది. ఆయన వస్తువులు సముద్రాలు దాటి వంగదేశంలోని కుటుంబానికి చేరాయి. వాటిలో రక్తసిక్తమైన కళ్ళజోడు కూడ ఉంది. ఆయన వాటిని ఇంటికి తెస్తాడని ఎదురుచూచిన కుటుంబానికి అవి మాత్రమే అందాయి.

సేన్ మరణించిన నలభై రోజులకు, 1916 జూలై 1వ తేదీన సొమ్ మహాసంగ్రామం మొదలయింది. లీడ్స్ మిత్రుల పటాలం సెర్ గ్రామంపై దాడికి కదలింది. కొద్ది సమయంలోనే ఆ ఒక్క పటాలంలో ఇంచుమించు 250 మంది మరణించారు. ఆ ఒక్క రోజున బ్రిటిష్ సైన్యంలో మరణించినవారి సంఖ్య 19,240. ఒకే ఊరివారు కలసి చేరితే కలసి పనిచేయవచ్చునన్న మాట నిజమే. కాని కలసి మరణించవలసి వస్తుందని ఎవరూ చెప్పలేదు. లీడ్స్ నగరంలో అనేక కుటుంబాలకు ఒకేసారి దుర్వార్తలు చేరాయి. ఆ మహాదుఃఖంలో అంతకు కొద్దివారాల ముందు గతించిన ఒక భారతీయుని పేరు మరుగునపడిపోవడంలో ఆశ్చర్యం లేదు.

సేన్ మరణించిన మరుసటి సంవత్సరం నుండి పరిస్థితులలో కొంత మార్పు కనిపించింది. పోరాడే దళాలలో భారతీయులకు అధికార పదవులు ఇవ్వడానికి 1917లో బ్రిటిష్ ప్రభుత్వం అంగీకరించింది. కలకత్తాలో పుట్టి లండనులో చదువుకొన్న ఇంద్రలాల్ రాయ్ అనే మరొక బెంగాలీ యువకుడు ఆ సంవత్సరమే వైమానికదళంలో అధికారిగా చేరగలిగాడు. 1918 జూలైలో రెండు వారాలలోపే పది శత్రువిమానాలను కూల్చి, 22వ తేదీన పంతొమ్మిదేళ్ళ వయస్సులో ఆయనకూడ నేలకూలాడు. మరణానంతరం ఆయనకు వీరపతకం లభించింది. సేన్‌కు మూయబడిన ద్వారం ఇంద్రలాల్‌కు తెరుచుకొనడానికి మధ్య గడచింది ఎంతోకాలం కాదు. విద్యలోను, సాహసంలోను లోపం సేన్‌ది కాదని, లోపం నిబంధనదేనని ఈ మార్పే నిరూపిస్తున్నది.

యుద్ధం ముగిసింది. స్వపరిపాలన లభిస్తుందన్న ఆశ మాత్రం నెరవేరలేదు. 1919లో రౌలట్ చట్టం వచ్చింది. అదే సంవత్సరం ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగులో నిరాయుధులపై కాల్పులు జరిగాయి. సామ్రాజ్యంకోసం ప్రాణాలర్పించినవారిని గురించి గర్వంగా చెప్పుకొనే పరిస్థితి భారతదేశంలో లేకపోయింది. స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో సేన్‌కు చోటు దొరకలేదు. ఎందుకంటే ఆయన ఆంగ్లేయుల సైనికుడు. ఆంగ్లేయుల యుద్ధచరిత్రలోను ఆయనకు తగిన చోటు దొరకలేదు. ఎందుకంటే ఆయన భారతీయుడు. లీడ్స్ విశ్వవిద్యాలయంలోని స్మారకఫలకం మీద మృతవీరుల వరుసలో ఆయన పేరు చెక్కబడి ఉన్నా, ఆ పేరు వెనుక ఉన్న మనిషి ఎవరో చాలాకాలం ఎవరూ విచారించలేదు. ఆ పేరు ఒక ఖండంలో, ఆ కళ్ళజోడు మరొక ఖండంలో ఉండిపోయాయి. శాంతను దాస్ పరిశోధన, లీడ్స్‌లోని చరిత్రాభిమానుల కృషి ఆ రెండింటిని తొంభై సంవత్సరాల తరువాత కలిపాయి. భారతీయులకు ఆ మహాయుద్ధంతో ఉన్న అనుబంధాన్ని గురించి దాస్ రచించిన గ్రంథం 2018లో వెలువడింది.

ఈ విస్మృతి సేన్ ఒక్కనికే పరిమితం కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం గ్రామంనుండి కూడ అనేకులు ఆ యుద్ధానికి వెళ్ళారు. సైన్యంలో చేరడం తరతరాలుగా వస్తున్న ఆ ఊరిని నేటికీ 'మిలటరీ మాధవరం' అంటారు. ఢిల్లీలో 1931లో ప్రారంభమైన ఇండియా గేటు మీద వేలాది సైనికుల పేర్లున్నాయి. దాని ముందు నిలబడి ఛాయాచిత్రాలు తీయించుకొనేవారిలో ఆ పేర్లను చదివేవారు ఎందరు?

చందన్‌నగర్ బిడ్డలలో ఆంగ్లేయులతో పోరాడి ఉరికంబమెక్కినవాడు కనాయిలాల్. ఆంగ్లేయుల పక్షాన పోరాడి కందకాల ముందు నేలకొరిగినవాడు సేన్. వీరిలో మొదటివానిని స్మరించడానికి రెండవవానిని మరచిపోనక్కరలేదు. చరిత్ర ఒకే దారిలో నడిచినవారిని గురించి మాత్రమే చెప్పదు. ఉన్న ఊరికీ, పుట్టిన ఊరికీ నడుమ నిలిచి, రెండింటిలోనూ పూర్తి హక్కు పొందలేకపోయిన మనుషుల కథలు కూడ చరిత్రలో భాగమే. నేడు విద్యకోసం, ఉద్యోగంకోసం మన తెలుగునాటినుండి వేలాది యువతీయువకులు విదేశాలకు వెళుతున్నారు. అక్కడి నగరాలకు తమ శ్రమను, మేధస్సును ధారపోస్తున్నారు. ఆ శ్రమను స్వీకరించిన సమాజం వారిని సమానులుగా గుర్తిస్తున్నదా అనే ప్రశ్న నూరేళ్ళ క్రితం సేన్ జీవితం వేసిన ప్రశ్నే.

ఫ్రాన్సులోని ఆ శ్మశానవాటికలో సమాధిశిలలన్నీ ఒకే తీరున, ఒకే పరిమాణంలో ఉంటాయి. అధికారికి పెద్దశిల, సిపాయికి చిన్నశిల అనే భేదం లేదు. జీవించి ఉండగా సేన్‌కు దక్కని సమానత్వం అక్కడ మట్టిలో దక్కింది. ఆ సమానత్వాన్ని మనిషికి బ్రతికి ఉండగానే ఇవ్వాలని చందన్‌నగర్‌లోని ఆ కళ్ళజోడు చూచేవారికి గుర్తుచేస్తూ ఉన్నది.

కఠిన పదాలకు అర్థాలు

అసువులు బాయు = ప్రాణాలు విడుచు
ఏలుబడి = పరిపాలన
అజ్ఞాతవాసం = ఎవరికీ తెలియకుండ నివసించడం
సమవయస్కులు = ఒకే వయస్సు గలవారు
పటాలం = సైనిక దళం
క్షతగాత్రులు = గాయపడినవారు
కందకం = లోతుగా తవ్విన పొడవైన గొయ్యి
పదాతి దళం = కాలినడకన పోరాడే సైన్యం
ఆశ్వికదళం = గుర్రాలపై పోరాడే సైన్యం
సిక్తం = తడిసినది
విస్మృతి = మరపు

ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. జోగేంద్రనాథ్ సేన్ జీవితాన్ని, సైనికసేవను వివరించండి.
2. 'లోపం సేన్‌ది కాదు, నిబంధనదే' అనే అభిప్రాయాన్ని పాఠ్యభాగం ఆధారంగా సమర్థించండి.

II. క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. చందన్‌నగర్ విప్లవకారులకు ఆశ్రయస్థానం కావడానికి కారణమేమి?
2. మిత్రుల పటాలాలు ఏ విధంగా ఏర్పడ్డాయి? వాటివల్ల కలిగిన అనర్థమేమి?
3. కందకయుద్ధంలో ముళ్ళతీగెలు కట్టే పని ఎందుకు ప్రమాదకరమైనది?
4. సేన్ పేరు చాలాకాలం మరుగునపడి ఉండడానికి కారణాలు తెలపండి.

III. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. లోపలికి రానిచ్చారు; మెట్టు మాత్రం ఎక్కనీయలేదు.
2. పరాయి ఊరు మెల్లమెల్లగా తన ఊరయింది.
3. ఆ పేరు ఒక ఖండంలో, ఆ కళ్ళజోడు మరొక ఖండంలో ఉండిపోయాయి.

IV. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. సేన్ ఏ సంవత్సరంలో ఇంగ్లండుకు పయనమయినాడు?
2. సేన్ లీడ్స్‌లో ఏ ఉద్యోగం చేశాడు?
3. 49వ బెంగాలీ పటాలంలో చేరిన ప్రసిద్ధకవి ఎవరు?
4. 'సుక్రెరీ' అంటే ఏమి?

వ్యాకరణాంశాలు

సంధులు
విద్యార్థి = విద్యా + అర్థి (సవర్ణదీర్ఘ సంధి)
మహోద్యమం = మహా + ఉద్యమం (గుణసంధి)
అత్యధికులు = అతి + అధికులు (యణాదేశ సంధి)
వస్తువులనేకం = వస్తువులు + అనేకం (ఉత్వసంధి)

సమాసాలు
రక్తసిక్తం = రక్తముచేత సిక్తమైనది (తృతీయా తత్పురుష)
సమాధిశిల = సమాధి యొక్క శిల (షష్ఠీ తత్పురుష)
ఏడు భాషలు = ఏడైన భాషలు (ద్విగువు)
యువతీయువకులు = యువతులును, యువకులును (ద్వంద్వం)
హుగ్లీనది = హుగ్లీ అనే పేరుగల నది (సంభావనా పూర్వపద కర్మధారయం)